47వ రోజు నెగెటివ్ వచ్చింది, ఇక నమ్మొచ్చా?

ప్రశ్న: నా వయసు 28. మాది గోదావరి జిల్లాల్లో ఒక పల్లె, హైదరాబాద్‌లో ఉద్యోగం. కొత్తగా పరిచయమైన ఒకావిడతో ఒక్కసారి కలిశాను. మధ్యలో కండోమ్ చిరిగిపోయింది, చివరిదాకా చూసుకోలేదు. ఆమె ఆరోగ్యం సంగతి నాకేమీ తెలియదు, ఇప్పుడు అడిగే వీలూ లేదు. ముందుజాగ్రత్త మందులు ఉంటాయని తెలియక వాడలేదు. ఆ తర్వాత ఎవరితోనూ కలవలేదు. భయంతో 9వ రోజున వీధి చివర ల్యాబ్‌లో కార్డు టెస్ట్ చేయించుకుంటే నెగెటివ్ అన్నారు. 20వ రోజున జ్వరం, గొంతునొప్పి వచ్చి మూడు రోజులున్నాయి. 30వ రోజున పెద్ద డయాగ్నస్టిక్ సెంటర్‌లో ‘హెచ్‌ఐవీ యాంటీజెన్ అండ్ యాంటీబాడీ’ పరీక్ష చేయించాను. నాన్ రియాక్టివ్, విలువ 0.11. 47వ రోజున అక్కడే మళ్లీ చేయిస్తే నాన్ రియాక్టివ్ అనే వచ్చింది గానీ విలువ 0.24 ఉంది. పెరిగిందంటే వైరస్ మొదలైనట్టేనా? ఇంటర్నెట్‌లో ఒకచోట 28 రోజులంటారు, ఇంకోచోట 45. మా డాక్టర్‌గారు మూడు నెలలన్నారు. స్నేహితుడేమో ఆరు నెలల దాకా ఏమీ చెప్పలేం అంటాడు. ఇంట్లో సంబంధం ఖాయం చేశారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నాకు ఉందా, లేదా?

సమాధానం: లేదు. ముందు ఆ మాట చెప్పి, ఎందుకు అంత గట్టిగా అంటున్నానో తర్వాత వివరిస్తాను. మీరు 47వ రోజున చేయించుకున్నది యాంటీజెన్, యాంటీబాడీ రెండింటినీ చూసే నాలుగో తరం పరీక్ష. నరం నుంచి రక్తం తీసి ల్యాబ్ యంత్రంలో చేసే ఈ పరీక్ష 45 రోజులు దాటాక నెగెటివ్ వస్తే ఆ సంఘటన వల్ల హెచ్‌ఐవీ సోకలేదనే అర్థం. మందులు వాడలేదు, తర్వాత మరో రిస్కు లేదు అని మీరే రాశారు. కాబట్టి ఈ ఫలితాన్ని నమ్మండి. 0.11కీ 0.24కీ మధ్య తేడాకు ఏ అర్థమూ లేదు. 90 రోజులు నిండాక ప్రభుత్వ కేంద్రంలో ఒక్కసారి పరీక్ష చేయించుకుని ఈ విషయం అక్కడితో ముగించండి. ఆ పరీక్ష ఎందుకో కూడా చెబుతాను.

మీకు నాలుగు చోట్ల నాలుగు అంకెలు ఎందుకు దొరికాయంటే, విండో పీరియడ్, అంటే వైరస్ సోకినా పరీక్షలో బయటపడని కాలం, ఒక్కో పరీక్షకు ఒక్కోలా ఉంటుంది. ఏ పరీక్ష గురించి మాట్లాడుతున్నారో చెప్పకుండా రోజులు మాత్రం చెప్పేస్తే ఇలాగే ఉంటుంది. ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ అంకెలన్నీ వాటి చోట్లలో కూర్చుంటాయి.

వైరస్ లోపలికి చేరాక మొదటి వారం పది రోజులు అది చేరినచోటి పొరల్లో, దగ్గర్లోని లింఫు గ్రంథుల్లో పెరుగుతూ ఉంటుంది. రక్తంలో దొరికేంత ఉండదు. ఆ రోజుల్లో ఏ ల్యాబ్‌కు వెళ్లినా, ఎంత ఖర్చు పెట్టినా నెగెటివే వస్తుంది. సుమారు పదో రోజు దాటాక వైరస్ జన్యుపదార్థం, అంటే ఆర్‌ఎన్‌ఏ, రక్తంలో కనిపించడం మొదలవుతుంది. న్యాట్, పీసీఆర్ అనే పరీక్షలు వెతికేది దీన్నే. ఇంకో వారానికి పి24 అనే ప్రొటీన్ పరీక్షకు అందే స్థాయికి చేరుతుంది. వైరస్ లోపలి తొడుగు దీనితోనే తయారవుతుంది, రిపోర్టులో ‘యాంటీజెన్’ అని రాసేది దీన్నే. మూడు వారాలు దాటే సరికి మన శరీరం తయారుచేసే యాంటీబాడీలు రావడం మొదలవుతుంది. అవి పెరిగేకొద్దీ పి24ను పట్టేసుకుంటాయి కనుక అది విడిగా కనిపించడం తగ్గుతుంది. నాలుగో తరం పరీక్ష ఈ రెండింటినీ ఒకేసారి వెతుకుతుంది. యాంటీజెన్ తగ్గే వేళకు యాంటీబాడీలు దొరుకుతాయి. దాని బలమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క ప్రకారం న్యాట్‌కు 10 నుంచి 33 రోజులు. నరం రక్తంతో ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్షకు 18 నుంచి 45 రోజులు. అదే యాంటీజెన్, యాంటీబాడీ పరీక్షను వేలి చుక్కతో రాపిడ్ కిట్ మీద చేస్తే 18 నుంచి 90. యాంటీబాడీలను మాత్రమే చూసే కార్డులకు, చాలా రాపిడ్ కిట్లకు 23 నుంచి 90. వీటిలో మొదటి అంకె తొందరగా బయటపడేవాళ్లది, రెండోది అందరికన్నా ఆలస్యంగా బయటపడేవాళ్లది. ఇక అనుమానం లేదనుకోవడానికి చూడాల్సింది రెండో అంకెనే. జనం ఎక్కువగా మొదటి అంకె చూసి పరుగెత్తుతారు, నెగెటివ్ రాగానే ఊపిరి పీల్చుకుంటారు, వారం తిరక్కుండా మళ్లీ అనుమానం మొదలవుతుంది.

మీ విషయానికి వస్తే, ల్యాబ్ నాలుగో తరం పరీక్షలో సోకినవాళ్లలో సగం మందికి 18వ రోజుకల్లా, నాలుగింట మూడొంతుల మందికి 24వ రోజుకల్లా, నూటికి 99 మందికి 45వ రోజుకల్లా పాజిటివ్ వచ్చేస్తుంది. అందుకే బ్రిటన్ నిపుణుల సంఘాల మార్గదర్శకాలు ఈ పరీక్షకు 45 రోజులే గడువుగా పెట్టుకున్నాయి. మీ 30వ రోజు ఫలితం చాలా మంచి సూచన, ఒక్కటే అయితే చాలదు. 47వ రోజుది సరిపోతుంది. ఇక 9వ రోజు కార్డు టెస్ట్‌ను ఈ సంఘటన లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. దానికి ఒకే ఒక్క ఉపయోగం ఉంది: అంతకుముందు మూడు నెలలకు వెనకటి రిస్కులేమైనా ఉంటే వాటివల్ల మీకు వైరస్ లేదని చెబుతుంది.

మరి మూడు నెలలు, ఆరు నెలలు ఎక్కడివి? మీ డాక్టర్‌గారు చెప్పింది తప్పు కాదు. మన దేశంలో ప్రభుత్వ కేంద్రాల్లో, చిన్న ల్యాబుల్లో ఎక్కువగా వాడేవి రాపిడ్ కిట్లు. రోగి ఏ పరీక్ష చేయించుకున్నాడో తెలియనప్పుడు, అన్ని కిట్లకూ అందరికీ సరిపోయే గడువు చెప్పాలంటే మూడు నెలలే చెప్పాలి. నేనైనా ఎదుటివాళ్ల చేతిలో ఉన్న రిపోర్టు చూడకుండా అడిగితే అదే చెబుతాను. ఆరు నెలల మాట మాత్రం పాతకాలపుది. అమెరికాలో తొలి యాంటీబాడీ పరీక్షకు అనుమతి వచ్చింది 1985లో. మన దేశంలో తొలి కేసులు తెలిసింది 1986లో, చెన్నైలో మైక్రోబయాలజిస్టు డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన నమూనాలను వెల్లూరులో పరీక్షించినప్పుడు. ఆనాటి పరీక్షలు యాంటీబాడీలు బాగా పెరిగాకగానీ పట్టుకోలేకపోయేవి. పరీక్షలు మారి ఎన్నో ఏళ్లయినా ఆ ఆరు నెలల భయం నోటి మాటగా ఇంకా తిరుగుతూనే ఉంది. మీ స్నేహితుడికి అలాగే చేరి ఉంటుంది. క్యాన్సర్ మందుల వల్లో, అవయవ మార్పిడి మందుల వల్లో రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు తమ డాక్టర్‌ను అడిగి గడువు నిర్ణయించుకోవాలి. మీరు అలాంటిదేమీ రాయలేదు.

మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ వేధిస్తున్నది 0.24 అని ఉత్తరంలోనే తెలుస్తోంది. ఆ రిపోర్టు మళ్లీ తీసి చూడండి. విలువ పక్కనే ‘1.00 కంటే తక్కువ అయితే నాన్ రియాక్టివ్’ అన్న అర్థంలో ఒక మాట రాసి ఉంటుంది. యంత్రం మీ రక్తంలోని వైరస్‌ను లెక్కపెట్టి ఆ అంకె ఇవ్వలేదు. నమూనాలో రసాయనాలు కలిపినప్పుడు పుట్టే వెలుతురును కొలిచి, హద్దుగా పెట్టుకున్న వెలుతురుతో భాగిస్తే వచ్చిన అంకె అది. వైరస్ ఊసే లేని రక్తంలోనూ కొంత వెలుతురు పుడుతుంది. కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద ఏమీ పెట్టకపోయినా చివరి అంకె అటూఇటూ ఊగుతుంది కదా, ఇదీ అంతే. రసాయనాల బ్యాచ్ మారినా, యంత్రాన్ని సరిచూసిన రోజు మారినా 0.11 కాస్తా 0.24 అవుతుంది, ఇంకోసారి 0.09 అవుతుంది. నిజంగా వైరస్ సోకి 47 రోజులైన మనిషి రక్తం ఆ యంత్రంలో పెడితే అంకె సాధారణంగా పదుల్లో, వందల్లో ఉంటుంది. ఒకటి లోపల ఎంతున్నా ఒకటే అర్థం. ల్యాబులు ఆ అంకె అచ్చువేసి ఇవ్వడం వల్ల ఎంతమంది నిద్ర పాడవుతోందో తలచుకుంటే నాకు బాధేస్తుంది. ఇవ్వడం ఎలాగూ మానరు కనుక, ఇచ్చేటప్పుడు ఒక్క ముక్క నోటితో చెప్పి పంపితే బాగుంటుంది.

జ్వరం సంగతి. హెచ్‌ఐవీ సోకినవాళ్లలో చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల మధ్య జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు, మెడ దగ్గర బిళ్లలు రావచ్చన్నది నిజమే. ఇవే లక్షణాలు మామూలు వైరల్ జ్వరానికీ ఉంటాయి, కాబట్టి లక్షణాలు చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. కానీ మీ విషయంలో తేల్చడానికి ఒక దారి ఉంది. ఆ తొలి జ్వరం వచ్చేది రక్తంలో వైరస్ విపరీతంగా పెరిగిన రోజుల్లోనే. పి24 కూడా ఆ రోజుల్లోనే ఎక్కువగా ఉంటుంది. మీకు 20వ రోజున వచ్చిన జ్వరం హెచ్‌ఐవీదే అయితే, పది రోజుల తర్వాత చేయించుకున్న 30వ రోజు పరీక్షలో అది దాదాపు తప్పకుండా దొరికేది. దొరకలేదు. 47వ రోజునా దొరకలేదు. ఆ జ్వరం మరేదో.

అసలు రిస్కు ఎంత అన్నది కూడా మీరు తెలుసుకోవాలి. హెచ్‌ఐవీ ఉండి చికిత్స తీసుకోని స్త్రీతో పురుషుడు కండోమ్ లేకుండా కలిస్తే అతనికి వైరస్ సోకే అవకాశం, సీడీసీ అంచనాల్లో, 10,000 సార్లలో దాదాపు 4 సార్లు. స్త్రీకి పురుషుడి నుంచి అయితే దానికి రెట్టింపు, మలద్వారం ద్వారా స్వీకరించేవారికి సుమారు 138. మీరు కలిసినావిడకు హెచ్‌ఐవీ ఉందనేదే తెలియదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో హెచ్‌ఐవీ దేశ సగటుకన్నా ఎక్కువే అయినా, వందమంది పెద్దవాళ్లలో ఒకరికి కూడా లేదు. ఈ లెక్క చెప్పడం పరీక్ష అక్కర్లేదనడానికి కాదు. కండోమ్ చిరిగితే పరీక్ష చేయించుకోవాల్సిందే. రెండు నెలలుగా మీరు దీన్ని తేలిపోయిన శిక్షలా మోస్తున్నారు, అందుకని చెబుతున్నాను.

మీలాంటి స్థితిలో ఇవాళో నిన్నో ఉన్న పాఠకులకు ఒక ముఖ్యమైన మాట. కండోమ్ చిరిగినా, వాడకపోయినా, ఆసుపత్రిలో సూది గుచ్చుకున్నా, అత్యాచారం జరిగినా, 72 గంటల లోపల మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులు ఉన్నాయి. వీటిని పెప్ అంటారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, మొదటి కొన్ని గంటల్లోనే అయితే మరీ మంచిది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలోగానీ, హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలోగానీ, హెచ్‌ఐవీ చికిత్స తెలిసిన ప్రైవేటు డాక్టర్ దగ్గరగానీ అడగాలి. విండో పీరియడ్ ముగిసేదాకా ఆగి చూద్దాం అనుకుంటే ఆ అవకాశం చేజారిపోతుంది. పెప్ వాడినవాళ్లకు రోజుల లెక్క కూడా మారుతుంది. మందులు వైరస్‌ను అణచి ఉంచడం వల్ల యాంటీబాడీలు ఆలస్యంగా రావచ్చు. అందుకని వాళ్లు సంఘటన జరిగిన రోజు నుంచి కాకుండా మందులు ఆపిన రోజు నుంచి గడువు లెక్కపెట్టుకోవాలి. ఒకటికన్నా ఎక్కువసార్లు రిస్కు జరిగినవాళ్లు ఆఖరి రోజు నుంచి లెక్కపెట్టాలి.

గడువు ముగియనివాళ్లు ఈలోగా భార్యతోనైనా సరే కండోమ్ లేకుండా కలవకూడదు. తొలి వారాల్లోనే వైరస్ రక్తంలో అత్యధికంగా ఉంటుంది, ఎదుటివాళ్లకు సోకే అవకాశమూ అప్పుడే ఎక్కువ. రక్తదానం అసలు చేయకూడదు. ‘రక్తం ఇస్తే ఎలాగూ పరీక్ష చేస్తారు, ఉచితంగా తెలిసిపోతుంది’ అని బ్లడ్ బ్యాంకుకు వెళ్లేవాళ్లు ఉన్నారు. విండో పీరియడ్‌లో ఉన్న ఒక్క సంచి రక్తం పరీక్షను దాటిపోతే అది వెళ్లేది ప్రసవంలో ఉన్న ఒక తల్లికో, తలసీమియా ఉన్న ఒక పసివాడికో.

ఇక రిపోర్టు చదవడం. పేరులో ‘ఎలీసా’ అని ఉన్నంత మాత్రాన అది నాలుగో తరం కాదు, ఎలీసాల్లో యాంటీబాడీ మాత్రమే చూసే మూడో తరంవీ ఉన్నాయి. ‘యాంటీజెన్ అండ్ యాంటీబాడీ’, ‘కాంబో’, ‘పి24’ అన్న మాటల్లో ఏదో ఒకటి ఉండాలి. పద్ధతి దగ్గర సీఎంఐఏ, ఈసీఎల్ఐఏ వంటి అక్షరాలుంటే యంత్రం మీద చేసినట్టు. ఇవేవీ కనిపించకపోతే ల్యాబ్‌కు ఫోన్ చేసి ‘ఇది మూడో తరమా, నాలుగో తరమా’ అని అడగండి, చెబుతారు. తెలియకపోతే 90 రోజుల లెక్కే మీది. ఎవరికైనా ‘రియాక్టివ్’ అని వస్తే ఆ ఒక్క కాగితం పట్టుకుని రోగం ఖాయమనుకోకూడదు. మన జాతీయ కార్యక్రమంలో మూడు వేర్వేరు రకాల కిట్లతో పరీక్షించి మూడూ పాజిటివ్ అయితేనే హెచ్‌ఐవీ ఉందని చెబుతారు.

90 రోజులు నిండాక మిమ్మల్ని వెళ్లమన్నది ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రానికి. ఉస్మానియా, గాంధీ వంటి పెద్దాసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో ఈ కేంద్రాలున్నాయి. మీ ఊరివాళ్లు కంటబడతారని భయమైతే హైదరాబాద్‌లోనే వెళ్లండి. ముందు కౌన్సెలర్ తలుపు వేసి మాట్లాడతారు, మీ అనుమతి తీసుకుంటారు, తర్వాత రక్తం తీస్తారు. డబ్బు తీసుకోరు. ఫలితం కౌన్సెలరే మీకు చెబుతారు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం మీ వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. సందేహాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. వైద్యపరంగా మీ 47వ రోజు ఫలితమే చాలు. అయినా ఎందుకు వెళ్లమంటున్నానంటే, ‘మూడు నెలలు’ అన్న మాట మీ చెవిలో పడిపోయింది, అది దాటేదాకా మీ మనసు కుదురుకోదు. ఆ ఒక్క పరీక్షతో మన దేశంలో ఏ డాక్టరైనా ఒప్పుకునే సమాధానం మీ చేతిలో ఉంటుంది.

అదే ఆఖరిది కావాలి. ఇది గట్టిగా చెబుతున్నాను. నెగెటివ్ వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు తేలికపడి, మూడో రోజు కొత్త అనుమానంతో మరో ల్యాబ్‌కు వెళ్లేవాళ్లకు రక్తపరీక్ష మందు కాదు. ‘పీసీఆర్ కూడా చేయించండి, ఇంకా ఖచ్చితంగా ఉంటుంది’ అని ఎవరైనా చెబితే వద్దనండి. వేల రూపాయల ఖర్చు తప్ప, 90 రోజుల తర్వాత అది మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. అప్పటికీ నిద్ర రాకపోతే, నాలుకను అద్దంలో చూసుకోవడం, మెడ తడుముకోవడం ఆగకపోతే, మానసిక వైద్యుణ్ని కలవండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు, ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. పెళ్లి ముందర ఒకరితో కలిశానన్న దిగులు మీ ఉత్తరంలో వరసల మధ్య కనిపిస్తోంది. ఆ దిగులే రోగ భయంగా మారి మిమ్మల్ని తింటోందని నాకు అనిపిస్తోంది. దాని గురించి మీరు నమ్మే ఒక మనిషితో నోరు విప్పి మాట్లాడండి.

పెళ్లి ఆపాల్సిన పని లేదు, వాయిదా వేయాల్సిన పనీ లేదు. పెళ్లికి ముందు ఇద్దరూ కలిసి పరీక్ష చేయించుకుంటే మంచిదని నేను ఎవరికైనా చెబుతాను. అది ఇద్దరి ఇష్టంతో జరగాలి, అమ్మాయిని మాత్రమే చేయించుకు రమ్మనే పెద్దల మాట వినకండి. జరిగింది ఆమెకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇద్దరి మధ్య ఉండే సంగతి. వైద్యుడిగా, మీ వల్ల ఆమెకు హెచ్‌ఐవీ ప్రమాదం లేదని చెప్పగలను.

ఐసీటీసీకి వెళ్లిన రోజునే సిఫిలిస్‌కు, హెపటైటిస్-బికి కూడా రక్తం ఇవ్వండి. మూత్రంలో మంట, చీము, పుండు వంటివి కనిపిస్తే 90 రోజుల దాకా ఆగకుండా వెంటనే సుఖవ్యాధుల క్లినిక్‌లో చూపించుకోండి. హెపటైటిస్-బి నెగెటివ్ వచ్చి, చిన్నప్పుడు టీకా వేయించుకోలేదని తేలితే ఇప్పుడు మొదలుపెట్టండి: మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది.